వదులుగా ఉండాల్సిన చోట బిగించేశాను... ఇప్పుడు వాడికి చెప్పాలా?

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయనది సోఫాలు చేసే షాపు. 22 ఏళ్లుగా అదే పని. కొడుకు తొమ్మిదో తరగతి. వాళ్ల అమ్మమ్మగారిది లంక ఊరు. వేసవిలో పడవ ఇసుక తిన్నె దగ్గర ఆగిపోతే మిగతా దూరం నడకే. నీళ్ల మీదా ఇసుక మీదా ఆగకుండా పోయేది ఏదైనా ఉంటుందా అని పిల్లవాడు చిన్నప్పటి నుంచీ అడిగేవాడట. స్కూల్లో డిజైన్ ప్రాజెక్టు ఇచ్చేసరికి ఈ అబ్బాయీ, ఇంకో ఇద్దరు మగపిల్లలూ, ఒక ఆడపిల్లా కలిసి మనిషి కూర్చుంటే కదిలే హోవర్‌క్రాఫ్ట్, అంటే కిందకి గాలి ఊదుకుని ఆ గాలి పొర మీద జారిపోయే బండి, చేస్తామని పేర్లు ఇచ్చారు.

4 అడుగుల ప్లైవుడ్ చక్రం. దాని కింద, అంచు చుట్టూ పిన్నులు కొట్టి తగిలించిన నీలం బరకం, ధాన్యం మీద కప్పేది. బరకం నడుమ పెయింటు డబ్బా మూత పెట్టి బోల్టు బిగించారు, మూత చుట్టూ ఆరు బెజ్జాలు చేశారు. పైన షాపులో దుమ్ము ఊదే బ్లోయర్, మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. చక్రం కోయడానికి తప్ప తండ్రిని పిలవలేదు. నెల రోజులు, సాయంత్రం పూట, షాపు వెనక రేకుల కింద పిల్లలే చేసుకున్నారు.

ట్రయల్‌కు ముందు రోజు రాత్రి షాపు కట్టేస్తూ ఈయన దాన్ని తిరగేసి చూశారు. బరకం ముడతలు ముడతలుగా వేలాడుతోంది. ఒక పక్క పిన్నుకీ పిన్నుకీ మధ్య రెండంగుళాలు, ఇంకో పక్క అరంగుళం. "మేడమ్, మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఇలా కొడితే ఆ పూట కూలి ఇవ్వను" అని రాశారు. పొద్దున్నే నలుగురిలో నవ్వులపాలవుతాడని, రాత్రి 11 గంటలకు కూర్చుని పాత పిన్నులన్నీ పీకి, రెగ్జిన్ లాగినట్టు బరకాన్ని లాగిపెట్టి, అంగుళానికొక పిన్ను చొప్పున స్టేప్లర్ గన్నుతో చుట్టూ కొట్టేశారు. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ట్రాలీ ఆటోలో స్కూలుకు చేర్చి, వరండా చివర నిలబడి చూశారు. కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. స్విచ్చి వేశారు. మోటారు కీచుమని అరిచిందే తప్ప చెక్క లేవలేదు. పిల్లలు నవ్వారు. సారు వంగి చూసి, "ఇంత బిగువుగా ఉందేంట్రా, ఎవరు కొట్టారు?" అంటే ఆ అబ్బాయి, "నేనే సార్, ముడతలు బాగోలేవని బిగించా" అన్నాడట. "వాడికి సంగతి తెలియలేదులే అని అప్పటికి మనసు కుదుటపడింది" అని తండ్రి రాశారు.

ఆదివారం ఫోనులో, ఇలాంటిదే ఇంట్లో చేసుకున్నవాళ్ల వీడియో ఒకటి కనబడింది. అందులో షీటు సంచిలా వేలాడుతోంది. ఆ ముడతలు కావాలని వదిలినవని అప్పుడు అర్థమైంది. పిల్లవాడు ఆ రోజు నుంచి షాపు వైపు రావడం లేదు. జట్టులోంచి తప్పుకుంటానంటున్నాడు. స్నేహితులతో మాటలు తగ్గాయి. ఎగ్జిబిషన్‌కు ఇంకా 12 రోజులుంది. "చెప్పకండి, పిల్లాడి దగ్గర చులకనైపోతారు" అని భార్య. రాత్రికి రాత్రి మళ్లీ వదులు చేసేసి, కావాలంటే ఇంకా పెద్ద బ్లోయర్ కొనిపెట్టి, "ఇంకోసారి చూడండ్రా" అంటే సరిపోదా అని ఈయన ఆలోచన.

*

ముందు పిన్నుల సంగతే మాట్లాడుకుందాం. మీ వాడి సంగతి కూడా అందులోనే ఉంది.

బ్లోయర్ కొనకండి. పిల్లవాడు 45 కిలోలు, చెక్కా కుర్చీ బ్లోయర్ కలిపి ఇంకో 15 అనుకుందాం. మొత్తం 60 కిలోలు. 4 అడుగుల చక్రం వైశాల్యం సుమారు 11,700 చదరపు సెంటీమీటర్లు. బరువును దాని మీద పంచితే చదరపు సెంటీమీటరుకు 5 గ్రాముల చిల్లర పడుతుంది. చెంచాడు పంచదార బరువు. మీ షాపు బ్లోయర్‌కు అదొక లెక్క కాదు. ఇంత చిన్న గాలితో ఇంత బరువు ఎలా లేస్తుందని ఇంట్లో వాళ్లు ఆశ్చర్యపోతుంటే, ఈ భాగహారం మీ వాణ్ని చేసి చూపించమనండి. ఇప్పటికే వాడి పుస్తకంలో ఉండే ఉంటుంది.

ఇక బరకం. గాలి లోపలికి వెళ్లినప్పుడు అది కింద గారెలా ఉబ్బాలి. చుట్టూ గట్టు, నడుమ గుంట. పెయింటు డబ్బా మూత పెట్టింది ఆ గుంట కోసమే. బెజ్జాలు గుంటలో ఉంటాయి కాబట్టి నేలకు తగలవు. వాటిలోంచి దిగిన గాలి గుంటను నింపి, మొత్తాన్ని పైకెత్తి, గట్టు కిందనుంచి పల్చటి పొరలా బయటికి జారిపోతుంది. చెక్క నడిచేది ఆ పొర మీదే. బరకం బిగిస్తే గారె లేదు, గుంట లేదు. చెక్కకు అతుక్కున్న బరకం, నేలకు అతుక్కున్న బెజ్జాలు. కొళాయి మూతిని అరచేత్తో మూసినట్టే. మోటారు కీచుమన్నది అందుకే. గాలి కదలకపోతే మోటారుకు బరువు తగ్గి వేగం పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టినా ఇదే అరుపు వినబడుతుంది. మీ ఊళ్లో కొలిమి ఇంకా ఉంటే ఒకసారి వెళ్లి తిత్తి చూడండి. ముడతల్లేకుండా బిగించి కుడితే అది ఏం ఊదుతుంది?

వదులు ఎన్ని అంగుళాలు ఉండాలో ఇక్కడ రాయను. రాస్తే మీరు ఈ రాత్రికే టేపు పట్టుకుని కూర్చుంటారు.

మీ చేతి పనిని తక్కువ చేయడం లేదు. సోఫాకు ముడత తప్పు. దీనికి ముడతే ప్రాణం. హోవర్‌క్రాఫ్ట్‌ను తయారుచేసిన క్రిస్టఫర్ కాకరెల్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1955లో రెండు రేకు డబ్బాలను ఒకదాంట్లో ఒకటి పెట్టి, బ్లోయర్‌తో గాలి ఊది, వంటింటి త్రాసు మీద లెక్క చూసుకున్నాడు. అక్కడినుంచి నాలుగేళ్లకు, 1959 జూలై 25న, ఎస్ఆర్.ఎన్1 అనే వాహనం ఫ్రాన్సులోని కలే నుంచి ఇంగ్లండులోని డోవర్ దాకా సముద్రం దాటింది. అప్పటికి దానికి కింద ఇలా వదులుగా వేలాడేది ఏదీ లేదు, నేలకూ దానికీ మధ్య ఎడం చాలా తక్కువ. తర్వాత చుట్టూ రబ్బరు స్కర్టు కట్టాకే అది పెద్ద అలలనూ గట్లనూ దాటగలిగింది. ఇంగ్లిష్ చానెల్ మీద కార్లనూ మనుషులనూ ఎక్కించుకుని 2000 దాకా తిరిగిన పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లకూ కింద వేలాడుతూ ఉండేది అదే. మన కోస్ట్ గార్డు వాడే వాటిని టీవీలో చూసే ఉంటారు, ఆగినప్పుడు చూడండి, గాలి తీసిన ట్యూబులా చుట్టూ కుప్పబడి ఉంటుంది.

29 ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పాను. తండ్రులు చేసిచ్చిన ప్రాజెక్టు ఏదో గుమ్మంలోంచే తెలిసిపోతుంది. అంచులు నున్నగా ఉంటాయి, పిల్లవాడు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. మీ కేసు ఆ రకం కాదు. మీ వాడు పని మీకు వదల్లేదు, మీరూ నెల రోజులు లాక్కోలేదు. ఆ ఒక్క రాత్రి తప్ప. వాడి నోటు పుస్తకంలో "ఏవేవో బొమ్మలు గీసుకున్నాడు" అని రాశారు. ఆ ఏవేవోలో పక్కనుంచి కోసినట్టు గీసిన బొమ్మ ఒకటి ఉంటుంది. దానికింద బరకం వంపు తిరిగి ఉంటుందని పందెం కాస్తాను.

ఇప్పుడు అసలు విషయం. "నేనే సార్, ముడతలు బాగోలేవని బిగించా" అన్నాడంటే వాడికి తెలియలేదని మీరు అనుకున్నారు. నాకు దాని అర్థం తలకిందులుగా తోస్తోంది. తను వదులుగా వదిలిన బరకం పొద్దునకి బిగువుగా ఉందని వాడు చూశాడు. చూడకుండా ఆ మాట అనలేడు. నెల రోజులు ఆ చెక్కను ముట్టుకున్న చేతులు వాడివి. తన వంకర పిన్నులు తనకు తెలియవా? వాటి చోట అంగుళానికొకటి, స్కేలు పెట్టి కొట్టినట్టున్న వరుస. ఆ ఊళ్లో అలా కొట్టే చెయ్యి ఎవరిదో, షాపు తాళం ఎవరి జేబులో ఉంటుందో వాడికి తెలుసు. ముడతలు బాగోలేవని మాత్రం ఎవరంటారు? పుట్టినప్పటి నుంచీ వాడు వింటున్న మాట కదా అది.

మీరు వరండా చివర నిలబడి ఉన్నారు. వాడు మీ పేరు చెప్పలేదు.

నా ఊహ తప్పు కావచ్చు. ఇంకో సంగతి కూడా జరిగి ఉండొచ్చు. జట్టులో ముడతలు చూసి ముందే సణిగినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లే బిగించారని మీ వాడు అనుకుని ఉండొచ్చు. స్నేహితులు వాడితో మాట్లాడటం లేదంటున్నారు. వాడే వాళ్లతో మాట్లాడటం మానేశాడేమో, చూశారా? అదే నిజమైతే మీరు చెప్పకుండా దాటేసే ప్రతి రోజూ ఏ తప్పూ చేయని ఇంకో పిల్లవాడి ఖాతాలో పడుతుంది.

ఇక మీ ముందున్న దారులు.

మీరు అనుకున్న దారి: రాత్రికి రాత్రి మళ్లీ వదులు చేయడం. లేవొచ్చు. లేవకపోవచ్చు కూడా. స్కూలు వరండా గచ్చు గరుగ్గా ఉన్నా, మధ్యలో గీతలున్నా గాలి అక్కడే పారిపోతుంది. ఇంత చిన్న బ్లోయర్‌తో అంచు కింద ఏర్పడే సందు మిల్లీమీటరు కూడా ఉండదు. నున్నటి టైల్స్ మీదో గ్రానైట్ మీదో తేలినట్టు అక్కడ తేలదు. మొత్తం నేరం మీ పిన్నులదే అని మీరు తీర్మానించుకున్నట్టున్నారు, గచ్చుకూ కొంత వాటా ఉండొచ్చు. రెండోసారి కూడా లేవకపోతే ఆ కుర్చీలో మళ్లీ కూర్చునేది వాడే. పోనీ లేచిందనుకోండి. "ఎవరు మార్చారు?" అని మళ్లీ ఎవరో అడుగుతారు, వాడు మళ్లీ "నేనే" అనాలి. ఎగ్జిబిషన్ రోజు బరకం ఎక్కడైనా చిరిగితే, ఎంత వదులు ఉంచి అతకాలో నలుగురిలో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే అది మీ చేతికే తెలుసు. చీకట్లో చేసిన పని ఒకసారి చేస్తే పొరపాటు అంటారు. రెండోసారికి పేరు మారుతుంది.

రెండో దారి: చెప్పకుండా, ముట్టుకోకుండా ఊరుకోవడం. ఇది మరీ తీసిపారేయాల్సింది కాదు. వాళ్లు తెలివైన పిల్లలు, బొమ్మ పుస్తకంలో ఉంది, ఆ అమ్మాయో ఇంకొకరో పట్టుకుంటారు. కాని మీ వాడు జట్టులోంచి వెళ్లిపోతే, వదులు ఎందుకు కావాలో ఆలోచించినవాడే వెళ్లిపోయినట్టు. "నేనే" అన్న మాట కూడా వాడి మీద అలాగే ఉండిపోతుంది.

మూడోది: వాడికొక్కడికే చెప్పడం. రెండు వాక్యాలు చాలు. "ఆ రాత్రి బరకం బిగించింది నేను. అది వదులుగానే ఉండాలని నాకు తర్వాత తెలిసింది." అంతటితో ఆగండి. నీ కోసమే చేశాననీ, నలుగురూ నవ్వుతారని చేశాననీ చేర్చారో, వాడు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. అన్నం దగ్గర, వాళ్లమ్మ ముందు వద్దు. పనివాళ్ల ముందు అసలు వద్దు. షాపు కట్టేశాక ఆ రేకుల కిందకి రమ్మనండి, రాకపోతే ఇంటికి వచ్చే దారిలో స్కూటరు మీద చెప్పండి. ముఖాలు కనబడకపోవడం కొన్ని మాటలకు మంచిదే. "తెలుసు" అంటాడేమో. కోపం తెచ్చుకుంటాడేమో, కసిరితే కసరనివ్వండి. ఏమీ అనకుండా దిగి లోపలికి వెళ్లిపోతే వెనకాలే వెళ్లి అడగొద్దు. ఆ రోజుకి అంతే.

చులకన అవుతారని మీ ఆవిడ భయం. చులకన చేయదలచుకుంటే వరండాలో అంతమంది ముందు మంచి అవకాశం ఉంది వాడికి. వాడుకోలేదు. ఆవిడతో ఈ మాట చెప్పి చూడండి.

నాలుగోది: మీరే స్కూలుకు వెళ్లి సారుకీ, మిగతా పిల్లలకీ చెప్పేయడం. మీ మనసు తేలికపడుతుంది, వాడి మీద నింద పోతుంది. కాని వాడు సారుతో అబద్ధం చెప్పాడన్నది కూడా అదే నిమిషంలో బయటపడుతుంది, అదీ మీ కోసం చెప్పిన అబద్ధం. కనుక వాణ్ని అడక్కుండా ఈ పని చేయొద్దు. "నేను వచ్చి చెప్పనా, నువ్వు చెప్పుకుంటావా?" అని అడగండి. "ఎవరూ చెప్పక్కర్లేదు" అన్నా కూడా నోరు కట్టుకోవాల్సి వస్తుంది, అది మీకు అన్నిటికన్నా కష్టమని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. జట్టులో ఎవరినో వాడు అనుమానిస్తున్నాడని తేలితే మాత్రం కనీసం ఆ ఒక్కరికైనా నిజం చేరాలని పట్టుబట్టండి.

నన్నడిగితే మూడోది ముందు, నాలుగోది వాడి ఇష్టాన్ని బట్టి. మీ వాణ్ని ఎరిగినవాళ్లు మీరు, ఇంత దూరంలో నేను ఉత్తరాన్ని మాత్రమే ఎరుగుదును.

మార్కుల సంగతి అడిగారు. సారు ఎలా చూస్తారో చెప్పలేను కానీ, నా దగ్గరికి వస్తే ఈ జట్టుకు ఎక్కువే వేసేదాన్ని. ఒకే చెక్క, ఒకే బ్లోయర్, ఒకే మనిషి. ఒకసారి బరకం బిగువు, ఇంకోసారి వదులు. మిగతావి మార్చకుండా ఒక్కటే మార్చి చూడమని మేం ఏడాదంతా మొత్తుకుంటాం, ఒక్కరూ చేయరు. వీళ్లకు సగం అయిపోయింది. ఇప్పుడున్న బిగువుతో, నున్నటి నేల మీద ఇంకోసారి నడిపి మోటారు గొంతు ఫోనులో రికార్డు చేసుకుని, తర్వాత వదులు చేసి మళ్లీ రికార్డు చేసుకుంటే, అంచు కిందికి ఒక కాగితం ఎక్కడెక్కడ దూరుతుందో రాసుకుంటే, ప్రాజెక్టు రికార్డు పుస్తకంలో రెండు పేజీలు వాటంతటవే నిండుతాయి. అందులో "మా నాన్నగారు బిగించారు" అని రాయాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. చక్రం మీరు కోసిచ్చిన మాట మాత్రం రాయమనండి, అది దాచాల్సింది కాదు.

మీ ఆవిడకు ఉన్న ఇంకో భయం, పిల్లలు దాని మీంచి పడతారని. సగం నిజమే. దీనికి బ్రేకులుండవు. స్విచ్చి ఆపితే కూలబడుతుంది, అదే బ్రేకు. అందుకని స్విచ్చి కూర్చున్నవాడి చేతికి అందాలి. మెట్లున్న వైపు, వాలు ఉన్న వైపు నడపొద్దు. తడి నేల మీద అసలే వద్దు. ఎక్స్‌టెన్షన్ వైరు ఎక్కడా అతుకు లేనిదై ఉండాలి, దాన్ని పట్టుకుని వెంట నడవడానికి ఒకరిని పెట్టండి. బ్లోయర్ గాలి పీల్చే మూతి దగ్గరకు జడలు, చున్నీలు, వేళ్లు పోకుండా జాలీ కట్టండి, అది మీ షాపులో ఐదు నిమిషాల పని, పిల్లలను అడిగి చేయండి. కుర్చీ సరిగ్గా నడుమ ఉండాలి. బరువు ఒక పక్కకు ఒరిగితే అవతలి పక్క లేచి గాలి పారిపోతుంది, ఈ పక్క నేల పట్టుకుంటుంది. 1959లో సముద్రం దాటిన రోజు కాకరెల్ స్వయంగా పైన నిలబడ్డాడు. బరువు సరిచూడటానికి ఎటు కావాలంటే అటు జరిగే మనిషిగా! కనిపెట్టిన ఆయన చేసిన పని అది.

బిగించిన బరకాన్ని మీరు ముట్టుకోవద్దన్నాను కదా. వాడు విప్పుదామంటే అప్పుడు వెళ్లండి. గన్ను పిన్నులు పీకడం వాడికి రాదు, స్క్రూడ్రైవరుతో ఎగదన్ని బరకం చింపేస్తాడు. పిన్నుకు ఒక కాలు ముందు లేపి, తర్వాత కటింగ్ ప్లయరుతో తిప్పుతూ లాగడం ఎలాగో ఒకటి రెండు చూపించి చేతికివ్వండి. 4 అడుగుల చక్రానికి, అంగుళానికొకటి లెక్కన మీరు కొట్టినవి 150 పైనే ఉంటాయి. ఒక్కడే అయితే రాత్రి దాకా పడుతుంది. ఇద్దరైతే దీపాలు పెట్టేలోపు అయిపోతుంది.